బొమ్మలు నేర్పటం ఎక్కణ్ణించి మొదలుపెట్టాలి?



మీ ఇంట్లో ఏడెనిమిదేళ్ళ పిల్లో పిల్లవాడో ఉంటే, చేతికి కాగితమూ పెన్సిలూ ఇచ్చి "ఏదైనా బొమ్మ వెయ్యి నాన్నా" అని అడిగి చూడండి. ఏ బొమ్మ వేస్తారో నేను ఇక్కడ కూర్చునే చెప్పగలను. త్రికోణాల్లాంటి రెండు కొండలు, వాటి నడుమ సగం సూర్యుడు, అక్కణ్ణించి వంకరలు తిరుగుతూ వచ్చే ఏరు, ఏటి ఒడ్డున ఒక ఇల్లు, ఇంటి పక్కన కొబ్బరిచెట్టు. ఆకాశంలో నాలుగు పక్షులు, పరీక్ష పేపరు మీద టీచరు పెట్టే టిక్కుల్లాగా.

పట్నంలో మూడో అంతస్తులో పెరిగే పిల్ల ఈ బొమ్మ వేసిందంటే సరే అనుకోవచ్చు. దానికి కొండ కనిపించదు, ఏరు కనిపించదు. కాని అహోబిలంలో పిల్లలు కూడా ఇదే బొమ్మ వేస్తారు! బడి అరుగు మీదినుంచి తల ఎత్తితే నల్లమల కొండలు ఎదురుగా ఉంటాయి. అవి త్రికోణాలు కావు. పైన బల్లపరుపుగా, గోడ కట్టినట్టు పొడుగ్గా సాగిపోయే కొండలు. రాతి పొరలు అడ్డంగా కనిపిస్తూంటాయి. చుట్టుపక్కల ఉండేవి వేప, చింత, కానుగ. అయినా కాగితం మీదికి వచ్చేది కొబ్బరిచెట్టే. కంటి ముందున్న కొండను వదిలేసి, అచ్చుపుస్తకంలోని కొండను పిల్లవాడు ఎత్తి రాస్తున్నాడన్న మాట.

పిల్లలకు తొలి మెట్టుగా బొమ్మలు నేర్పాలనుకునేవాళ్ళు ఎక్కణ్ణించి మొదలుపెట్టాలో ఈ ఒక్క బొమ్మే చెబుతుంది. మొదట దిద్దవలసింది చెయ్యి కాదు, చూపు. బడిపిల్లలకు బొమ్మలు నేర్పే పనిలో ఉన్నదాన్ని గనుక, అహోబిలంలాంటి చోట పిల్లలకు పది పూటల తరగతి పెడితే అందులో ఏమేం ఉండాలో, అందులోంచి మీరు ఇంట్లో ఏమేం చేసుకోవచ్చో ఈ రోజు మీకు చెబుతాను.

ముందు ఒక సందేహం తీర్చుకుందాం. "చిన్నప్పుడు గోడలన్నీ గీతలు గీసింది, ఇప్పుడు పెన్సిలు ముట్టుకోదు" అని చాలామంది తల్లులు అంటూంటారు. దీనికి కారణం ఉంది. పిల్లల బొమ్మలను ఏళ్ళ తరబడి పరిశీలించిన విక్టర్ లోవెన్‌ఫెల్డ్ అనే ఆస్ట్రియా దేశపు అధ్యాపకుడు, అమెరికాలో స్థిరపడ్డాక 1947లో ఒక పుస్తకం ప్రచురించాడు. ఆయన చెప్పిన లెక్క ప్రకారం రెండు నుంచి నాలుగేళ్ళ దాకా పిల్లలు ఊరికే గీతలు గీస్తారు. అది చేతికి ఆట. నాలుగు నుంచి ఏడు దాకా పెద్ద తల, దానికి తగిలించిన కాళ్ళు, అలాంటి మనుషులు వస్తారు. ఏడు నుంచి తొమ్మిది దాకా ఇల్లంటే ఇలా, చెట్టంటే అలా అని ఒక గుర్తు కుదుర్చుకుని, ప్రతిసారీ అదే వేస్తారు. మనం చెప్పుకున్న రెండు కొండల బొమ్మ ఈ వయసుదే.

తొమ్మిది దాటాక వస్తుంది చిక్కు. "నిజంగా ఉన్నట్టు" వెయ్యాలన్న కోరిక పిల్లకు అప్పుడు పుడుతుంది. కన్ను ముందుకు పోయింది, చెయ్యి వెనక ఉండిపోయింది. తాను వేసిన ఆవు ఆవులా లేదని తనకే తెలుస్తుంది. సరిగ్గా ఆ సమయంలో మనం పక్కన చేరి, "ఇదేమిటే, ఆవా గాడిదా?" అని నవ్వుతాం. పిల్ల కాగితం మడిచేస్తుంది. "నాకు బొమ్మలు రావు" అన్న మాట ఆ పూట మొదలై, ముసలితనం దాకా వెంట వస్తుంది. మనలో ఎంతమందిమి ఈ మాట అనటం లేదు చెప్పండి! ఆ తొమ్మిది, పది, పదకొండేళ్ళ పిల్లకు చూడటం ఎలాగో ఎవరైనా నేర్పి ఉంటే ఆ మాట వచ్చేది కాదు. అందుకే తొలి తరగతి ఈ వయసు పిల్లలకే ముఖ్యం.

ఇక అహోబిలం సంగతి. మునుపు కర్నూలు జిల్లాలో ఉండేది. 2022 ఏప్రిల్‌లో కొత్త జిల్లాలు ఏర్పడ్డాక నంద్యాల జిల్లాలోకి వచ్చింది. ఆళ్ళగడ్డ నుంచి బస్సులో వెళ్తే ముందు దిగువ అహోబిలం, అక్కడికి ఎనిమిది కిలోమీటర్ల దూరంలో కొండల నడుమ ఎగువ అహోబిలం. నవనారసింహ క్షేత్రమని మీ అందరికీ తెలిసిందే. మీలో చాలామంది దర్శనం చేసుకునే ఉంటారు. దిగువ అహోబిలంలో ప్రహ్లాదవరద స్వామి గుడి మంటపాలలో విజయనగర కాలపు చెక్కడపు స్తంభాలు వరసగా ఉంటాయి. మనం దర్శనం వరుసలో నిలబడి వాటికి వీపు ఆనించి వస్తామే గాని, తల తిప్పి చూసేవాళ్ళం ఎందరం?

బొమ్మలు నేర్చుకునే పిల్లలకు ఇలాంటి చోటు దొరకటం అదృష్టం. కొండ, రాయి, చెక్కడం, మట్టి, ఉత్సవం, అన్నీ నడిచి వెళ్ళేంత దూరంలో ఉన్నాయి. పుస్తకం అక్కర్లేదు. పది పూటలూ ఉదయం ఆరున్నరకు మొదలుపెట్టి తొమ్మిదికి ముగించాలి. రాయలసీమ ఎండాకాలం సంగతి తెలిసిందే కదా, తొమ్మిది దాటితే బండ మీద కాలు పెట్టలేము.

మొదటి పూట కాగితమే ఇవ్వకూడదు. పిల్లలందరినీ, మగపిల్లలతో సహా, అరుగు మీద ముగ్గు వెయ్యమనాలి. కర్నూలు, కడప జిల్లాల్లో ఇంటింటా పరిచి ఉండే నల్లని కడప బండను మించిన పలక ఎక్కడ దొరుకుతుంది? నల్లటి బండ మీద తెల్లటి పిండి. గీత తప్పితే తడిగుడ్డతో తుడిచేసి మళ్ళీ వేసుకోవచ్చు. తప్పు పోతుందన్న భయం ఉండదు. ముగ్గు వేసేటప్పుడు పిల్ల ఏమేం నేర్చుకుంటుందో చూడండి. చుక్కలు సమానమైన ఎడంలో పెట్టడం అంటే కొలత. చుక్కను చుట్టి గీత తిప్పటం అంటే చేతి నిలకడ. కుడివైపున ఉన్నదే ఎడమవైపునా రావటం అంటే సమతూకం. గడప ముందు ఎంత చోటుందో చూసుకుని అందులో ఇమిడేలా వెయ్యటం అంటే కూర్పు. చిత్రకళ కళాశాలల్లో మొదటి ఏడాది చెప్పే సంగతులు చాలావరకు ఇవే. మనం వాటిని తెల్లవారుజామున పేరు పెట్టకుండా చేస్తూ వచ్చాం. ఈ మధ్య గడపల ముందు ప్లాస్టిక్ ముగ్గు స్టిక్కర్లు అంటిస్తున్నారు. తుడుచుకోవటానికి తేలికే, కాదనను. కాని ఇంట్లో పిల్లకు ఉచితంగా దొరికే మొదటి పాఠం దానితో పోతోంది.

రెండో పూట చూపు పాఠం. ఒక్కొక్కరికి ఒక్క ఆకు ఇవ్వాలి. వేపాకు రెమ్మ గాని, కానుగాకు గాని. ఆకును ఎదురుగా పెట్టుకుని, దాని అంచు మీద ఒక చీమ నడుస్తోందని అనుకోమనాలి. కన్ను ఆ చీమ వెంట మెల్లగా పోవాలి. పెన్సిలు కూడా కంటితోపాటే పోవాలి. షరతు ఒక్కటే, కాగితం వంక చూడకూడదు. చివరికి వచ్చేది వంకరటింకరగా ఉంటుంది, పిల్లలు ఒకరివి ఒకరు చూసుకుని పగలబడి నవ్వుతారు. నవ్వనివ్వండి. ఆ తరవాత దగ్గరగా చూడమంటే, అంచున ఉన్న ప్రతి రంపపుపన్నూ, పురుగు కొరికిన చోటూ ఆ వంకర గీతలో కనిపిస్తాయి. అంతకు ముందు వేసిన ఆకు బొమ్మలో అవేవీ ఉండవు. అమెరికాలో బొమ్మలు నేర్పిన కిమాన్ నికొలాయిడిస్ పుస్తకం 1941లో వచ్చాక ఈ పద్ధతి ప్రపంచమంతటా తరగతుల్లోకి వచ్చింది. దీనిలో మర్మం ఏమిటంటే, కాగితం చూడకూడదు గనుక ఎవరూ బాగా వెయ్యలేరు. అందరూ ఒకటే. "నాకు రాదు టీచర్" అనే పిల్లవాడికి ఆ మాట అనటానికి అవకాశమే ఉండదు.

మూడో పూట వెలుగునీడలు. దీనికి బొగ్గు కావాలి. బజారులో కొనక్కర్లేదు. శ్రీకాళహస్తి కలంకారీ పనివాళ్ళు గుడ్డ మీద మొదటి గీతలు గీసుకునేది కాల్చిన చింతపుల్లలతోనే. సన్నని ఎండు చింతపుల్లలను మూత గట్టిగా పట్టే డబ్బాలో కూరి, మూతకు ఒక చిన్న బెజ్జం పెట్టి, పొయ్యిలో ఉంచాలి. బెజ్జంలోంచి పొగ రావటం ఆగిపోయాక డబ్బా తీసి, పూర్తిగా చల్లారేదాకా మూత తియ్యకూడదు. తొందరపడి తీస్తే గాలి తగిలి పుల్లలు బూడిదైపోతాయి. ఇది పెద్దవాళ్ళు చెయ్యవలసిన పని, పిల్లలకు అప్పగించకండి.

బొగ్గులు చేతికిచ్చి, గుడి బయట మంటపం స్తంభం దగ్గర కూర్చోబెట్టాలి. పొద్దున్నే ఎండ ఏటవాలుగా పడుతుంది. చెక్కిన చోటల్లా ఒక పక్క తెల్లగా, ఒక పక్క నల్లగా తేలుతుంది. కళ్ళు చికిలించి చూడమనాలి. అప్పుడు చిన్న చిన్న వివరాలు పోయి, వెలుగు ముద్దలూ నీడ ముద్దలూ మాత్రమే మిగులుతాయి. నీడలు మాత్రమే వెయ్యండి, గీతలు వద్దు అనాలి. సగం పని అయ్యేసరికి సూర్యుడు పైకి వచ్చి నీడ జరిగిపోతుంది. "టీచర్, బొమ్మ మారిపోతాంది!" అని పిల్లలు గోల పెడతారు. ఆ గోలే పాఠం. ఒకే రాయి ఏడింటికి ఒక తీరు, మిట్టమధ్యాహ్నం మరో తీరు. ఉలి పట్టిన మనిషి వెలుగును లెక్క వేసుకునే ఇంత లోతు చెక్కాడని వాళ్ళకు ఎవరూ చెప్పకుండానే తెలుస్తుంది.

నాలుగో పూట కొలత. అహోబిలం వెళ్ళే దారిలోనే ఉన్న ఆళ్ళగడ్డ రాతి శిల్పాలకు పేరుపొందిన ఊరు. దేవాలయాలకు విగ్రహాలు చెక్కే కుటుంబాలు అక్కడ తరతరాలుగా పనిచేస్తున్నాయి. శిల్పుల కొలతను తాళమానం అంటారు. ముఖం పొడవు ఒక తాళం. నుదుటి పైన వెంట్రుకలు మొదలయ్యే చోటునుంచి గడ్డం కొసదాకా. దాన్ని పన్నెండు అంగుళాలు చేస్తారు. ఇది మన టేపు మీద అంగుళం కాదు సుమండీ. విగ్రహం జానెడైనా, రెండు నిలువులైనా దాని ముఖంలో పన్నెండో వంతే దాని అంగుళం. ముఖాన్ని మూడు సమభాగాలు చేస్తే, వెంట్రుకల మొదలునుంచి కనుబొమలదాకా ఒకటి, అక్కణ్ణించి ముక్కు కొసదాకా ఒకటి, ముక్కు కిందినుంచి గడ్డందాకా ఒకటి. విష్ణుమూర్తి విగ్రహం పది తాళాల కొలతలో ఉంటుంది. బొజ్జ వినాయకుడికి అయిదు తాళాలు. అందుకే ఆయన మనకు చిన్నపిల్లవాడిలా ముద్దుగా కనిపిస్తాడు.

పిల్లలను ఒక పురికొస ముక్కతో ఒకరినొకరు కొలుచుకోమనండి. ఈసారి నడినెత్తినుంచి గడ్డందాకా తల పొడవు తీసుకోవాలి. ఏడాది పాపాయి నిలువు సుమారు నాలుగు తలలు ఉంటుంది. ఎదిగిన మనిషి సుమారు ఏడున్నర తలలు. పిల్లలు వేసే బొమ్మల్లో మనిషి తల ఎప్పుడూ పెద్దదిగా ఉంటుంది కదా, కొలుచుకున్నాక దానంతట అదే సర్దుకుంటుంది. "తల పెద్దదైంది" అని మనం పదిసార్లు అన్నదానికంటే పురికొస ఒకసారి చెప్పింది బాగా ఎక్కుతుంది.

అయిదో పూట, ఆరో పూట బంకమట్టి. కాగితం మీద బొమ్మకు ఒక ముఖమే ఉంటుంది, మట్టి ముద్దకు నాలుగు పక్కలా ముఖమే. ఇక్కడ పిల్లలకు నవనారసింహుల ప్రస్తావన తేవాలి. దేవుడు ఒక్కడే, రూపాలు తొమ్మిది. జ్వాలా నరసింహుడు హిరణ్యకశిపుణ్ణి ఒడిలో వేసుకుని చీలుస్తూంటాడు. మాలోల నరసింహుడు లక్ష్మీదేవితో ప్రసన్నంగా ఉంటాడు. యోగానంద నరసింహుడు యోగాసనంలో కూర్చుంటాడు. కానుగచెట్టు కింద వెలసిన కారంజ నరసింహుడి చేతిలో విల్లు ఉంటుంది. సింహం తలే కదా అన్నిటికీ, మరి ఒకచోట కోపం, ఒకచోట శాంతం ఎలా తెలుస్తున్నాయి? ఈ ప్రశ్న వేసి ఊరుకోవాలి. జవాబు పిల్లలే వెతుక్కుంటారు. భుజాలు ఎక్కడున్నాయి, మోకాళ్ళు ఎలా మడిచాడు, నడుము నిటారుగా ఉందా ముందుకు వంగిందా అని చూస్తారు. తరవాత దేవుణ్ణి చెయ్యమనక్కర్లేదు. "కోపంగా కూర్చున్న మీ అవ్వను చెయ్యండి, నిద్రపోతున్న మీ కుక్కను చెయ్యండి" అంటే చాలు. ముఖంలో కళ్ళు, ముక్కు పెట్టకుండానే కోపం చూపించాలని షరతు పెడితే మరీ మంచిది.

ఏడో పూట రంగులు. పెట్టెలో పన్నెండు రంగులు కొనిచ్చే ముందు రంగు ఎక్కణ్ణించి వస్తుందో తెలియాలి. మన పెద్దవాళ్ళు గడపలకూ అరుగులకూ పూసిన ఎర్రమన్ను, అదే జాజు, ఈ నేలలోదే. దానికి ఎరుపు ఇచ్చేది ఇనుము తుప్పే. కడప జిల్లా చింతకుంట దగ్గరా, కర్నూలు జిల్లా ఓర్వకల్లు వైపున కేతవరం దగ్గరా కొండచరియల కింద చరిత్రకు ముందటి మనుషులు వేసిన బొమ్మలు ఉన్నాయి. వాళ్ళకూ దొరికింది ఇలాంటి ఎర్రమన్నే. అంత పాత బొమ్మలు ఇంకా కనిపిస్తున్నాయంటే మన్ను రంగు ఎంత గట్టిదో చూడండి.

మీ ఇంట్లో చెయ్యాలంటే ఇలా చెయ్యండి. తుమ్మజిగురు రాత్రి నీళ్ళలో నానవేసి, పొద్దున పల్చటి గుడ్డలో వడకట్టండి. ఎర్రమన్ను మెత్తగా నూరి జల్లించి ఆ జిగురులో కలపండి. కాగితం మీద పూసి ఆరాక వేలితో రుద్దండి. పొడి రాలితే జిగురు చాలలేదు. పగుళ్ళిస్తే జిగురు ఎక్కువైంది. పసుపుపచ్చ మన్ను, తెలుపుకు ముగ్గుపిండి, నలుపుకు దీపం మసి, ఇవి చాలు. సున్నం మాత్రం పిల్లల చేతికి ఇవ్వకండి, కంట్లో పడితే ప్రమాదం. వంటింటి పసుపు కూడా వాడి చూడనివ్వండి. రెండు కాగితాల మీద పూసి, ఒకటి ఎండలో, ఒకటి బీరువాలో పెట్టమనండి. కొద్ది రోజుల్లో ఎండలోది వెలిసిపోతుంది. మన్ను రంగు వెలవదు, పసుపు వెలుస్తుంది. ఇది పిల్ల మరచిపోయే సంగతి కాదు.

ఇక్కడ శ్రీకాళహస్తి గురించి ఇంకొక్క మాట చెప్పాలి. అక్కడి కలంకారీలో నలుపు రంగును పాత ఇనుప ముక్కలూ బెల్లమూ నీళ్ళలో వేసి రెండు మూడు వారాలు పులియబెట్టి తీస్తారు. కలం అంటే వెదురుపుల్లకు గుడ్డో ఉన్నో చుట్టి దారంతో కట్టినదే. ఆ విద్య అంతరించిపోయే స్థితికి వచ్చినప్పుడు, 1950ల చివర్లో కమలాదేవి చటోపాధ్యాయ చొరవతో అక్కడ ఒక శిక్షణ కేంద్రం పెట్టారు. ఆ తరగతులతో విద్య నిలదొక్కుకుంది. కలంకారీలో పేరుమోసిన జొన్నలగడ్డ గురప్పశెట్టికి 2008లో పద్మశ్రీ వచ్చింది. ఈ రోజు శ్రీకాళహస్తిలో ఎందరో ఆడవాళ్ళు ఇంటిపట్టున కలం పట్టి సంపాదించుకుంటున్నారు. తొలి మెట్టు తరగతి అంటే పిల్లలకు కాలక్షేపం మాత్రమే అనుకోకండి. ఒక్కోసారి ఒక ఊరి విద్య దాని మీద ఆధారపడి ఉంటుంది.

ఎనిమిదో పూట జ్ఞాపకం మీద బొమ్మ. అహోబిలం పిల్లలకు దీనికి పారువేటను మించిన విషయం లేదు. సంక్రాంతి వెళ్ళిన కనుమ నాడు స్వామి పల్లకి ఎక్కి బయలుదేరి, నెల పైగా చుట్టుపక్కల పల్లెలు తిరుగుతాడు. తన పెళ్ళికి రమ్మని ఊరూరా స్వామే స్వయంగా పిలిచి వస్తాడని నమ్మకం. చెంచులు విల్లంబులు పట్టుకుని వస్తారు. "పారువేట బొమ్మ వెయ్యండి" అంటే పిల్లలు తికమక పడతారు. "పల్లకి మీ ఇంటి ముందు ఆగినప్పుడు నువ్వెక్కడ నిలబడ్డావు? నీకు ఏమి కనిపించింది?" అని అడగాలి. అప్పుడు ఒకడు పెద్దవాళ్ళ వీపులే వేస్తాడు. ఎందుకంటే వాడికి కనిపించింది అవే. ఒక పిల్ల మిద్దె మీదినుంచి చూసింది గనుక గొడుగు పైభాగం గుండ్రంగా వేస్తుంది. అలాంటి బొమ్మ ఏ పుస్తకంలోనూ ఉండదు. రెండు కొండల బొమ్మకు అసలైన మందు ఇదే.

తొమ్మిదో పూట, నేను ముందు చెప్పిన కొండలు. అందరినీ ఆరుబయట కూర్చోబెట్టి, "నల్లమలను వెయ్యండి" అనాలి. అంతే. ఎనిమిది రోజులు చూడటం అలవాటైన పిల్లలు ఈసారి త్రికోణాలు వెయ్యరు. పెన్సిలు చెయ్యి చాపి పట్టుకుని కొండ వాలు కొలుచుకుంటారు. దగ్గర కొండ ముదురుగా, దూరపు కొండ లేతగా ఉందని వాళ్ళే అంటారు. గాలిలో ధూళీ తేమా మధ్యలో అడ్డం వస్తాయి గనుక అలా కనిపిస్తుందని అప్పుడు మనం చెప్పవచ్చు. చూడకముందు చెబితే అది బట్టీ పాఠం, చూశాక చెబితే చదువు.

పదో పూట ప్రదర్శన. తాడు కట్టి అందరి బొమ్మలూ వేలాడదియ్యాలి. ఒకటో బహుమతి, రెండో బహుమతి వద్దు. ఒక్కొక్కరు తమ బొమ్మ దగ్గర నిలబడి దాని గురించి రెండు మాటలు చెప్పాలి. తల్లితండ్రులను పిలవాలి. తాము రోజూ చూసే కొండను తమ బిడ్డ కాగితం మీద చూపిస్తే, వాళ్ళూ వెనక్కి తిరిగి ఆ కొండ వంక ఒకసారి చూస్తారు.

ఇక మనం చెయ్యకూడనివి కొన్ని ఉన్నాయి. పిల్ల కాగితం మీద మన చెయ్యి పెట్టకూడదు. "ఇలా ఇవ్వు, నేను దిద్దుతా" అంటే ఆ బొమ్మ ఇక ఆమెది కాదు. చూపించాలనుకుంటే వేరే కాగితం మీద వేసి చూపించి, తీసెయ్యాలి. "ఏమిటిది?" అని అడగకూడదు. "దీని గురించి చెప్పమ్మా" అనాలి. ఊరికే "బాగుంది, బాగుంది" అన్నా లాభం లేదు. "మేకకు చెవులు కిందికి వాలి ఉండటం గమనించావే!" అంటే, చూసినందుకు మెచ్చుకున్నట్టు. సెల్‌ఫోనులో బొమ్మ పెట్టి దాన్ని చూసి వెయ్యమనటం మాత్రం మాన్పించండి. ఫోనులోని బొమ్మ అప్పటికే ఎవరో చూసేసినది. పిల్ల చూడవలసింది ఏమీ మిగలదు.

ఈ ఆలోచనలు కొత్తవి కావు. వియన్నా నగరంలో ఫ్రాంజ్ సిజెక్ అనే ఆయన 1897లోనే పిల్లల కోసం తరగతి పెట్టి, పెద్దవాళ్ళ బొమ్మలను కాపీ చేయించకుండా వాళ్ళనే వెయ్యనిచ్చాడు. మన తెలుగుదేశంలోనూ ఉదాహరణ ఉంది. అదే 1897లో పుట్టిన దామెర్ల రామారావు రాజమండ్రిలో కుర్రవాడుగా ఉన్నప్పుడు, అక్కడి కళాశాల ప్రిన్సిపాలు ఆస్వాల్డ్ కూల్డ్రే ఆ చేతిని గుర్తించి ప్రోత్సహించాడు, బొంబాయి జె.జె. స్కూలులో చేరటానికి తోడ్పడ్డాడు. రామారావు 1925లో ఇరవై ఏడేళ్ళకే కన్నుమూశాడు. కాని ఆ కొద్దికాలంలోనే రాజమండ్రిలో బొమ్మల బడి పెట్టి ఇతరులకు నేర్పాడు. ఆయన భార్య సత్యవాణి, చెల్లెలు దిగుమర్తి బుచ్చికృష్ణమ్మ కూడా చిత్రకారిణులే. నూరేళ్ళ కిందట ఒక ఇంట్లో ఇద్దరు ఆడవాళ్ళు కుంచె పట్టారంటే, ఆ ఇంట్లో నేర్పే మనిషి ఉండటమే కారణం.

"ఇవన్నీ బాగానే ఉన్నాయి గాని, చదువు పాడవదా?" అని మీరు అడుగుతారు. అడగవలసిన ప్రశ్నే. 2005లో తయారైన జాతీయ పాఠ్యప్రణాళిక చట్రం పదో తరగతి దాకా కళలు తప్పనిసరి పాఠ్యాంశంగా ఉండాలని చెప్పింది. కాగితం మీద చెప్పింది, చాలా బడుల్లో డ్రాయింగు పీరియడు ఇప్పటికీ లెక్కల మాస్టారికే పోతోంది. చూడటం, కొలవటం, పోల్చటం నేర్చిన పిల్లకు సైన్సు పుస్తకంలో పువ్వు భాగాలు వెయ్యటం, భూగోళంలో పటం గీయటం, జామెట్రీ, ఏదీ భారం కాదు. ఆసక్తి నిలిచితే ముందుకు దారులూ ఉన్నాయి. ప్రభుత్వం నిర్వహించే డ్రాయింగు లోయరు, హయ్యరు పరీక్షలు ఉన్నాయి. తిరుపతిలో తిరుమల తిరుపతి దేవస్థానం వారి సంప్రదాయ శిల్పకళా సంస్థ 1960 నుంచి ఉంది. కడపలో 2020లో వాస్తు, లలితకళల విశ్వవిద్యాలయమే వచ్చింది. రాయలసీమ పిల్ల ఇదివరకటిలా మద్రాసుకో బొంబాయికో పోనక్కర్లేదు.

అయినా అందరు పిల్లలూ చిత్రకారులు కావాలని నేను అనటం లేదు. అహోబిలంలాంటి చోట ఇంకొక సంగతి ఉంది. పాత గుళ్ళకు వెళ్ళినప్పుడు చూడండి. చెక్కిన స్తంభం మీద మేకుతో గీకిన పేర్లు, హృదయం గుర్తులు, చేతికంటిన కుంకుమ తుడిచిన మరకలు. అవి చేసినవాళ్ళు దుర్మార్గులు కారు. వాళ్ళు ఆ స్తంభాన్ని ఎన్నడూ చూడలేదు, అంతే. ఒక పూటంతా దాని ముందు కూర్చుని, నీడ జరిగిపోతూంటే బొగ్గుతో దాన్ని పట్టుకోవటానికి తంటాలు పడ్డ పిల్లవాడు, జన్మలో దాని మీద మేకు పెట్టడు. ఇంకొకడు పెట్టబోతే చెయ్యి పట్టుకుంటాడు. అయిదు వందల ఏళ్ళ నాటి రాతికి ఇంతకంటే మంచి కాపలా ఏముంటుంది?

మీరు పది పూటలు చెయ్యలేకపోవచ్చు. ఆదివారం ఒక్క గంట చాలు. మొదటి వారం ముగ్గు, రెండో వారం ఆకు, మూడో వారం కిటికీలోంచి పడే ఎండలో ఇత్తడి చెంబు. మీరూ పిల్లల పక్కన కూర్చుని వెయ్యండి. "నాకు రాదు" అనకండి. ఇన్నేళ్ళు చుక్క తప్పకుండా ముగ్గు వేసిన చెయ్యి మీది. ఈసారి అహోబిలం వెళ్ళినప్పుడు సంచిలో పులిహోర పొట్లాంతోపాటు ఒక నోటుపుస్తకం, రెండు పెన్సిళ్ళు పెట్టుకోండి. దర్శనమయ్యాక బయటి మంటపంలో, నలుగురికీ అడ్డం లేని చోట, పిల్లలను ఒక స్తంభం ముందు అరగంట కూర్చోబెట్టండి. ఏం వెయ్యాలో చెప్పకండి. "ఏం కనిపిస్తోందీ?" అని మాత్రం అడగండి.

సెలవు.